మోటారు సైకిల్ టైరులో గాలి: లెక్క, కొలత, నిఘా

2025 మార్చి 2న థాయ్‌లాండ్‌లోని బురీరామ్‌లో మోటోజీపీ సీజన్ తొలి రేసు జరిగింది. ముందు వరసలో దూసుకుపోతున్న మార్క్ మార్కెజ్ కొన్ని ల్యాపులు కాగానే ఉన్నట్టుండి వేగం తగ్గించి, వెనకాల వస్తున్న తమ్ముడు అలెక్స్‌ను ముందుకు వెళ్లనిచ్చాడు. బండి చెడిందేమోనని అందరూ అనుకున్నారు. బండి బాగానే ఉంది. ముందు టైరులో గాలి పీడనం నిబంధన చెప్పిన దానికంటే తక్కువగా ఉందని డాష్‌బోర్డు చూపిస్తోంది. ఇంకో బండి వెనకే నడిపితే దాని వేడిగాలి తగిలి, ఎదురుగాలి తగ్గి, టైరు వేడెక్కుతుంది, పీడనం పెరుగుతుంది. ఆ లెక్కతోనే మార్కెజ్ రేసులో ఎక్కువ భాగం తమ్ముడి వెనకాలే ఉండి, చివరి ల్యాపుల్లో దాటేసి గెలిచాడు.

మోటోజీపీకి 2016 నుంచి టైర్లు ఇస్తున్నది మిషెలిన్ ఒక్కటే. మరీ తక్కువ గాలితో నడిపితే టైరు లోపలి పొరలు దెబ్బతింటాయని, ముందు టైరుకు కనీస పీడనం పెట్టారు. మొదట అది 1.88 బార్ ఉండేది, 2024లో 1.8కి తగ్గించారు. ఆదివారం ప్రధాన రేసులో 60 శాతం ల్యాపులు, శనివారం స్ప్రింట్‌లో 30 శాతం ల్యాపులు ఆ గీతకు పైనే ఉండాలి. లేకపోతే ప్రధాన రేసులో 16 సెకన్లు, స్ప్రింట్‌లో 8 సెకన్లు జరిమానా. 2025 ఏప్రిల్‌లో ఖతార్‌లో మావెరిక్ విన్యాలెస్ రెండో స్థానంలో ముగింపు గీత దాటాడు. గాలి తక్కువైందని 16 సెకన్లు కలిపేసరికి పద్నాలుగో స్థానానికి పడిపోయాడు.

1.8 బార్ అంటే 26 పీఎస్ఐ. మన వంద సీసీ బండి ముందు టైరుకు బంకులో పట్టించే 25 పీఎస్ఐకి కాస్త ఎక్కువ, అంతే. కాకపోతే రేసు బండిది కాగిన టైరులో లెక్క, మన బండిది చల్లని టైరులో లెక్క. ఈ తేడా తెలిస్తే టైరు గాలి విషయంలో సగం తెలిసినట్టే.

గాలి మోసే బరువు

టైరులోని గాలి కుదుపులు తగ్గించడానికేనని చాలామంది అనుకుంటారు. నిజానికి బండి బరువును, మనిషి బరువును మోసేది ఆ గాలే. రబ్బరు, నైలాన్ దారాల పొరలు చేసే పని ఆ గాలిని ఒక ఆకారంలో పట్టి ఉంచడం. టైరు రోడ్డును తాకే మేరను, అంటే పాదముద్రను, మోసే బరువును పీడనంతో భాగించి ఉజ్జాయింపుగా లెక్కకట్టవచ్చు.

ఒక ఉదాహరణ. బండి, నడిపే మనిషి కలిపి 200 కిలోలు అనుకుందాం. అందులో 120 కిలోలు వెనక టైరు మీద పడతాయి. చదరపు సెంటీమీటరుకు 2 కిలోల పీడనం (28 పీఎస్ఐ పైచిలుకు) ఉంటే రోడ్డును తాకే మేర సుమారు 60 చదరపు సెంటీమీటర్లు. వెనక ఒక మనిషి ఎక్కి, ఆ టైరు మీదే మరో 50 కిలోలు పెరిగితే, గాలి అంతే ఉంచినప్పుడు పాదముద్ర 85 చదరపు సెంటీమీటర్లకు సాగుతుంది. అంటే టైరు అంతగా అణిగి, తిరిగిన ప్రతిసారీ పక్క గోడలు అంతగా మడతపడుతున్నాయన్నమాట. పీడనం 2.8కి పెంచితే పాదముద్ర మళ్లీ 60 దగ్గరికి వస్తుంది. చైను కవరు మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో అంటించే స్టిక్కరులో వెనక టైరుకు ‘సింగిల్’కు ఒక అంకె, ‘డబుల్స్’కు అంతకంటే చాలా పెద్ద అంకె ఉండేది ఇందుకే. వంద, నూటపాతిక సీసీ బళ్లకు సింగిల్‌కు 28, 29 ఉంటే, డబుల్స్‌కు కొన్ని మోడళ్లలో 33, కొన్నింటిలో 41 దాకా ఉంటుంది. ముందు టైరు మీద పెద్దగా బరువు పెరగదు కనుక అక్కడ అంకె చాలావరకు మారదు.

కానీ మన రోడ్ల మీద భార్యాభర్తలు, మధ్యలో పిల్లాడు, ముందు ట్యాంకు మీద ఇంకో పిల్ల, హ్యాండిల్‌కు సంచి వేలాడుతూ వెళ్లే బండి వెనక టైరులో కూడా సింగిల్ అంకె గాలే ఉంటుంది. అది కూడా రెండు నెలల కింద పట్టించింది.

టైరు పక్కన ముద్రించి ఉండే గరిష్ఠ పీడనం వేరే సంగతి. అది టైరు పూర్తి బరువు మోసేటప్పుడు తట్టుకునే హద్దు, బండికి పట్టించాల్సిన కొలత కాదు. అదే చోట కనిపించే 54 వంటి అంకె బరువు సూచిక. 54 అంటే ఆ టైరు 212 కిలోలు మోయగలదని. ఆ మోత కూడా సరిపడా గాలి ఉంటేనే.

తక్కువైతే, ఎక్కువైతే

గాలి తగ్గిన టైరు అదే పనిగా మడతపడుతూ వేడెక్కుతుంది. ఆ వేడికి పొరల మధ్య అతుకు వదులవుతుంది. ఎండాకాలం హైవే మీద బరువుతో వెళ్లే బండి టైరు ఉన్నట్టుండి పేలిందంటే, చాలాసార్లు దానికి పునాది అంతకుముందు వారాల తక్కువ గాలిలోనే పడి ఉంటుంది. ముందు టైరులో గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కి, మలుపులో బండి లోపలికి కూలబడుతున్నట్టు ఉంటుంది. వెనక టైరులో తగ్గితే తోక ఊపినట్టు ఊగుతుంది. ట్యూబు టైర్లలో ఇంకో చిక్కు ఉంది. గాలి చాలక టైరు రిమ్ము మీద జారుతుంది, దాంతో పాటు ట్యూబూ జరుగుతుంది, వాల్వు మొదట్లో చీలిక వస్తుంది. స్పోకుల చక్రంలో వాల్వు నిటారుగా కాక ఒక పక్కకు ఒరిగి కనబడితే ఆ పని మొదలైందని గుర్తు. వాల్వు దగ్గర తెగిన ట్యూబుకు ప్యాచీ నిలవదు, కొత్తది వేయాల్సిందే.

వానలో లెక్క మరోలా ఉంటుంది. నీటి పొర మీద టైరు తేలిపోయే వేగం పీడనం వర్గమూలాన్ని బట్టి మారుతుందని 1960ల్లో నాసా విమానాల టైర్ల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆ సూత్రం ప్రకారం 25 పీఎస్ఐ దగ్గర తేలే వేగం గంటకు 83 కిలోమీటర్లైతే, 16 పీఎస్ఐ దగ్గర 66. బైకు టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఈ అంకెలు దానికి నేరుగా అతకవు, అది ఇంకొంత వేగం వరకు నీటిని చీల్చుకుని పోగలదు. గాలి తగ్గిన కొద్దీ ఆ హద్దు కిందికి దిగడం మాత్రం దానికీ తప్పదు.

ఎక్కువ పట్టిస్తే మైలేజీ వస్తుందనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అందులో నిజం ఉంది కానీ చాలా కొద్ది. కార్ల విషయంలో నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్ఐ తగ్గితే ఇంధన వినియోగం 0.2 శాతం దెబ్బతింటుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. పది పీఎస్ఐ అటూ ఇటూ అయినా తేడా రెండు శాతం. ఆ కాస్త పెట్రోలు కోసం టైరును రాయిలా బిగించుకుంటే నడిమి పట్టీ మాత్రమే అరుగుతుంది, ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది, బ్రేకు వేసినప్పుడు చక్రం రోడ్డును పట్టకుండా ఎగురుతుంది. లాభం లేని బేరం.

బొటనవేలి కొలత

గాలి టైరును మొదట 1845లో స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు చేశాడు. లోకం దాన్ని మరిచిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్‌డ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం చేసిన టైరుకు మళ్లీ పేటెంటు తీసుకున్నాడు. టైరు కంటే మనకు ముఖ్యమైనది వాల్వు చరిత్ర. మన పాత సైకిళ్లకు ఉండే వాల్వు వుడ్స్ రకం. లోపల చిన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. దానిగుండా గాలి లోపలికి పోతుంది కానీ, మామూలు గేజు పెట్టి లోపలి పీడనం చూడటం కుదరదు. అందుకని సైకిల్‌కు గాలి కొట్టాక బొటనవేలితో టైరు నొక్కి చూడటం తప్ప దారి లేదు. న్యూయార్క్‌లో ష్రేడర్ కుటుంబం 1890ల్లో తెచ్చిన వాల్వు మధ్యలో స్ప్రింగు పిన్ను ఉంటుంది. ఆ పిన్ను నొక్కితే గాలి బయటికొస్తుంది కాబట్టి గేజు పెట్టి కొలవచ్చు. ఇవాళ బైకులకు, కార్లకు ఉన్నది ఇదే.

వాల్వు మారినా వేలు మారలేదు. సైకిల్ మీద నేర్చుకున్న అలవాటుతోనే బైకు టైరును కాలితో తన్ని ‘గాలి ఉంది’ అని తేల్చేసేవాళ్లు కోకొల్లలు. బైకు టైరు పక్క గోడలు గట్టిగా ఉంటాయి. 29 ఉండాల్సిన చోట 20 ఉన్నా, స్టాండు వేసి నిలబెట్టిన బండిలో కంటికి గానీ కాలికి గానీ ఆ తేడా అందదు.

వాల్వు పిన్ను కారుతోందేమో చూడటానికి మాత్రం పంక్చర్ షాపు పద్ధతిని మించింది లేదు. మేస్త్రీ వేలితో కాస్త ఉమ్ము తీసి వాల్వు నోట్లో పూస్తాడు. పొర ఉబ్బి బుడగ కట్టిందంటే పిన్ను వదులైందో, దాని సీలు పోయిందో అన్నట్టు. చిన్న స్పానరుతో పావు చుట్టు బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఉమ్ము వద్దనుకునేవారికి సబ్బు నీళ్లున్నాయి. వాల్వు మూతను పారేసుకుని పట్టించుకోనివాళ్లు ఎక్కువ. ఆ మూత లేకపోతే దుమ్ము, బురద పిన్ను దగ్గర చేరి సీలును తినేస్తాయి. ఎక్కడా కారకపోయినా టైరు రబ్బరు గుండా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ గాలి దానంతటదే పోతుంది.

బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలి, అది చమురు కంపెనీలు బంకులకు పెట్టిన షరతు. అయితే అక్కడి గొట్టం చివర ఉండే ముల్లు గేజు రోజంతా నేలకు కొట్టుకుంటూ ఉంటుంది. దాని ముల్లు సున్నా దగ్గరికి రాకుండా మూడు దగ్గరే ఆగి ఉంటే, అది చూపించే ప్రతి అంకె మీదా అనుమానం పెట్టుకోవాల్సిందే. అంకె నొక్కితే తానే నింపి కూత పెట్టే డిజిటల్ యంత్రాలు కొంత నయం. వాటితోనూ కారు వెళ్లిన వెంటనే బైకు పెడితే, ముందున్న 33ను మార్చకుండానే గొట్టం తగిలించే హడావిడి కనిపిస్తుంటుంది.

చల్లటి టైరు, వేడి టైరు

కంపెనీ స్టిక్కరులోని అంకె చల్లని టైరుకు. అంటే బండి కనీసం మూడు గంటలు నీడలో నిలిచి ఉండాలి, లేదా నెమ్మదిగా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. లోపలి గాలి వేడెక్కితే పీడనం పెరుగుతుంది. దాదాపు 5.5 డిగ్రీల సెల్సియస్‌కు ఒక పీఎస్ఐ చొప్పున మార్పు ఉంటుందని మోటు లెక్క.

మే నెలలో మిట్టమధ్యాహ్నం రామగుండం నుంచో, రెంటచింతల నుంచో గంట సేపు నడిచి వచ్చిన బండిని బంకులో పెట్టారనుకుందాం. టైరులో గాలి 60 డిగ్రీలు ఉంది. సరిగ్గా 29 పట్టించారు. మరునాడు తెల్లారి 28 డిగ్రీల దగ్గర అదే టైరు చూస్తే 25 మాత్రమే ఉంటుంది. ఎక్కడా కారలేదు, ఎవరూ మోసం చేయలేదు. దీనికి తలకిందులుగా ఇంకో తప్పు జరుగుతుంది. ఎండకు టైరు పేలుతుందన్న భయంతో వేసవిలో రెండు మూడు పీఎస్ఐ తక్కువ పట్టించమని సలహా ఇస్తారు. వేడికి పెరిగే పీడనాన్ని కంపెనీ ముందే లెక్కలో వేసుకుంది. తగ్గించి పట్టిస్తే టైరు మరింత మడతపడి, మరింత వేడెక్కుతుంది. ఏ ప్రమాదం తప్పించుకోవాలనుకున్నారో దాన్నే పిలిచినట్టు.

దూర ప్రయాణంలో దారిలో గాలి చూసుకోక తప్పకపోతే, వేడి టైరులో స్టిక్కరు అంకె కంటే మూడు నాలుగు ఎక్కువ కనబడటం మామూలే. ఆ ఎక్కువ గాలిని బయటికి తీసేయకూడదు.

హైదరాబాదు, విజయవాడల నుంచి ఏటా బైకుల మీద లద్దాఖ్ వెళ్లేవాళ్లలో ఇంకో ప్రశ్న తిరుగుతుంటుంది. ఎత్తుకు వెళ్తే గాలి తీసేయాలా? గేజు చూపేది లోపలి పీడనం కాదు, లోపలికీ బయటికీ ఉన్న తేడా. సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ అయితే, 5,359 మీటర్ల ఎత్తున్న ఖార్దుంగ్ లా దగ్గర అది దాదాపు సగం. ఆ లెక్కన గేజులో ఏడు పీఎస్ఐ పెరగాలి. కానీ మైదానంలో 30 డిగ్రీల దగ్గర పట్టించిన గాలి అక్కడ సున్నా డిగ్రీలకు చల్లబడి నాలుగు పీఎస్ఐ దాకా కోల్పోతుంది. రెండూ కలిపితే 30 పట్టించిన టైరులో 33 దరిదాపు కనిపిస్తుంది. దానికోసం కనుమ మీద చలికి వణుకుతూ వాల్వు మూతలు విప్పాల్సిన పనిలేదు. ఇసుకలో, వదులు కంకరలో గాలి తగ్గించుకోవడం వేరు. అక్కడ పాదముద్ర పెరిగి పట్టు దొరుకుతుంది. మళ్లీ తారు రోడ్డు ఎక్కగానే నింపుకోవడానికి దగ్గర పంపు ఉండాలి, అంతే.

నైట్రోజన్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. శుద్ధ నైట్రోజన్ రబ్బరు గుండా కొంచెం నెమ్మదిగా కారుతుంది, తేమ ఉండదు. వేడికి అదీ గాలిలాగే వ్యాకోచిస్తుంది. ఉచితంగా పడితే పట్టించుకోవచ్చు. అది పట్టించాం కదా అని నెలల తరబడి గేజు ముట్టకపోవడమే అసలు నష్టం.

టైరులో కాపలాదారు

గాలి తగ్గితే తానే చెప్పే ఏర్పాటు పేరు టీపీఎంఎస్. ఫోర్డ్ కార్ల ఫైర్‌స్టోన్ టైర్లు ఊడి జరిగిన ప్రమాదాల తర్వాత అమెరికా 2000లో ట్రెడ్ చట్టం తెచ్చింది. దాని కింద 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరైంది. ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. మన దేశంలో 2020లో కేంద్ర మోటారు వాహన నిబంధనలు సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్, టీపీఎంఎస్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదన్నారు. ఈ మూడు చోట్ల నిబంధనల్లో ఏదీ ద్విచక్ర వాహనాలను తాకలేదు. గాలి పోతే నాలుగు చక్రాల బండి ఒక పక్కకు లాగుతుంది, రెండు చక్రాల బండి మనిషిని కింద పడేస్తుంది. చట్టాల వరస మాత్రం తలకిందులుగా ఉంది.

కార్లలో కొన్నింటికి ఏబీఎస్ సెన్సర్లే గాలి తగ్గిన చక్రాన్ని పసిగడతాయి. గాలి తగ్గితే చక్రం వ్యాసార్థం తగ్గి, కాస్త వేగంగా తిరుగుతుంది కాబట్టి. బైకు మలుపులో ఒరిగినప్పుడల్లా గుండ్రటి టైరు వ్యాసార్థం ఎలాగూ మారుతుంది, ఆ పద్ధతి ఇక్కడ నమ్మదగింది కాదు. అందుకే బైకుల్లో పీడనాన్ని నేరుగా కొలిచే సెన్సర్లే వాడతారు. ఖరీదైన బళ్లలో రిమ్ము లోపల వాల్వుకు బిగించిన సెన్సరు ఉంటుంది. చక్రం తిరిగినప్పుడే మేల్కొని రేడియోలో అంకె పంపుతుంది. బ్యాటరీ సీలు చేసి ఉంటుంది, అది అయిపోతే సెన్సరు మొత్తం మార్చాలి. మన దేశంలో ఏథర్ తన ఎలక్ట్రిక్ స్కూటర్లకు దీన్ని అదనపు సామగ్రిగా అమ్ముతోంది.

బీఎండబ్ల్యూ బైకుల్లో ఒక విశేషం ఉంది. తెర మీద కనిపించే అంకె టైరు గాలి 20 డిగ్రీల దగ్గర ఉంటే ఎంత ఉండేదో లెక్కకట్టి చూపేది. వేడి టైరుకు బంకు గేజు 40 చూపిస్తే తెర 36 అంటుంది. యజమాని సెన్సరు చెడిందని సర్వీసు సెంటరుకు పరుగెడతాడు. నిజానికి ఆ తెర వేడి టైరు గందరగోళాన్ని తొలగించి చెబుతోంది.

వాల్వు మూత బదులు బిగించుకునే చౌక సెన్సర్లు ఏ బైకుకైనా పనికొస్తాయి. ఫోనుకో, హ్యాండిల్ మీద పెట్టే చిన్న తెరకో అంకె పంపుతాయి. వీటిలో గమనించాల్సింది ఒకటే. ఈ సెన్సరు పిన్నును ఎప్పుడూ నొక్కిపట్టి ఉంచుతుంది కాబట్టి, దానికి దెబ్బ తగిలి విరిగితే గాలి మొత్తం పోతుంది. రబ్బరు కాడ ఉన్న వాల్వుకు దీన్ని బిగిస్తే, వేగంలో ఆ బరువుకు కాడ వంగి వంగి మొదట్లో పగుళ్లు వస్తాయి. లోహపు వాల్వు వేయించుకున్నాకే వీటిని పెట్టుకోవాలి. పంక్చర్ కాకుండా టైరులో పోసే జిగురు ద్రవం లోపలి సెన్సరు రంధ్రాన్ని మూసేసే ప్రమాదమూ ఉంది.

ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి గంటల తరబడి నెమ్మదిగా పోతుంది. టీపీఎంఎస్ బాగా అక్కరకొచ్చేది సరిగ్గా అక్కడే. ట్యూబు టైరులో అయితే హెచ్చరిక వచ్చేసరికే బండి ఊగడం మొదలై ఉంటుంది. స్పోకుల చక్రాల బండి ఉన్నవాళ్లు ఈ పరికరం మీద పెద్ద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

రోజూ పాతిక కిలోమీటర్లు నడిచే మామూలు బండికి టీపీఎంఎస్ కంటే ముందు కావాల్సింది సొంత గేజు. కొన్ని వందల రూపాయలకే మంచిది దొరుకుతుంది. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, బండి తీయకముందే ఇంటి దగ్గర చూసుకుని, ఎంత తగ్గిందో గుర్తుపెట్టుకుని బంకుకు వెళితే, దారిలో టైరు వేడెక్కినా చిక్కు లేదు. మూడు తగ్గితే మూడు కలిపించుకోవడమే. స్టిక్కరును ఒక ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. బంకులో కుర్రాడు గొట్టం పట్టుకుని ‘ఎంత కొట్టమంటారన్నా?’ అని అడిగినప్పుడు, ‘నువ్వే చూసి కొట్టు’ అనకండి.